కష్టాల్లో పెరిగితేనే మనిషి గట్టిపడతాడా?

“ఆ కష్టాలు పడ్డాను కాబట్టే ఈ రోజు ఇంతవాణ్ణయ్యాను.” ఈ మాట వినపడని తెలుగు ఇల్లు ఉండదు. చెప్పుల్లేకుండా బడికి నడవడం, ఉన్న ఒక్క చొక్కానూ రాత్రి ఉతికి పొద్దున్నే తొడుక్కోవడం, కిరసనాయిలు బుడ్డి దగ్గర చదువుకోవడం. ఇంటింటికీ వివరాలు మారతాయి గానీ కథ మారదు. గంగవరం, పలమనేరు, పుంగనూరు, కుప్పం, మదనపల్లె ప్రాంతంలో ఈ కథ కాస్త ఎక్కువగానే వినిపిస్తుంది. దానికి కారణముంది. వాన మీద, బోరు మీద, పాడి మీద, పట్టుపురుగుల మీద, టమాటా మీద బతికిన కుటుంబాలివి. పక్కనే బెంగళూరు ఉంది. కుప్పం నుంచి రోజూ రైలెక్కి అక్కడికి కూలికి పోయి వచ్చేవాళ్లున్నారు, అక్కడే కంప్యూటర్ల ముందు కూర్చుని స్థిరపడినవాళ్లూ ఉన్నారు. ఒక్క తరంలోనే కిందినుంచి పైకి వచ్చినవాళ్లు ఉన్నచోట, ఎలా వచ్చామన్న కథలూ ఉంటాయి.

చిత్రమేమిటంటే, ఆ మాట అన్న నోరే అదే పూట “మా పిల్లలకు మాత్రం ఆ అవస్థ రాకూడదు” అని కూడా అంటుంది. కష్టం నిజంగా మనిషిని తీర్చిదిద్దేదే అయితే, సొంత బిడ్డలకు దాన్ని దక్కనివ్వకుండా ఇంత ఆరాటం ఎందుకు? రెంటిలో ఒకటి అబద్ధమనుకోనక్కర్లేదు. రెండూ మనసులోంచి వచ్చినవే. కాకపోతే అవి రెండు వేరువేరు ప్రశ్నలకు జవాబులు. మొదటిది “నేనెవర్ని?” అన్న ప్రశ్నకు, రెండోది “పేదరికం పిల్లల్ని ఏం చేస్తుంది?” అన్న ప్రశ్నకు. మనం తరచూ మొదటి ప్రశ్నకు వచ్చిన జవాబును రెండోదానికి అంటగడుతుంటాం. ఒక మనిషి తన పేద బాల్యం గురించి ఏమనుకుంటాడన్నది ఆ ఇంట్లో ఎంత లేమి ఉండేదో దాన్ని బట్టి తేలదు. ఆ లేమి ఎవరి కళ్లముందు బయటపడింది, రేపటి మీద ఎంత భరోసా ఉండేది, ఆ రోజుల్ని ఇవాళ ఎక్కడ నిలబడి తలుచుకుంటున్నాడు అన్నవాటిని బట్టి తేలుతుంది. ఈ అధ్యాయంలో చూడబోయేది దానికున్న ఆధారాలు.

సంగటి ఎప్పుడు చిన్నతనమైంది?

ఎసట్లో నూకలు వేసి, అవి మెత్తబడ్డాక రాగిపిండి పోసి, కాసేపు మగ్గనిచ్చి, ఉండలు కట్టకుండా తెడ్డుతో గట్టిగా గెలికి, చెయ్యి తడి చేసుకుని ముద్ద చేస్తే సంగటి. పక్కన సెనక్కాయల ఊరిబిండి ఉంటే సరి, లేకపోతే ఆకుకూర పులుసు. తక్కువ వానకు, బలంలేని నేలలో కూడా పండే పంట రాగి. అందుకే ఈ పడమటి మండలాల్లో ఒకప్పుడు రోజూ తినేది అదే. వరన్నం పండక్కో, చుట్టాలు వస్తేనో, ఒంట్లో బాగాలేకపోతేనో. 1983లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం కిలో బియ్యం రెండు రూపాయలకు ఇవ్వడం మొదలుపెట్టాక ఆ లెక్క మారింది. బియ్యం రోజువారీ తిండి అయ్యేకొద్దీ సంగటి వెనకబాటుకు గుర్తయింది. ఇప్పుడు మళ్లీ తిరగబడింది. నాటుకోడి పులుసుతో కలిపి హైదరాబాదు హోటళ్లలో దాన్నే రాయలసీమ స్పెషల్ అని వడ్డిస్తున్నారు, షుగరు ఉన్నవాళ్లు ఏరికోరి తింటున్నారు.

ఈ మూడు కాలాల్లోనూ రాగి అదే రాగి. వంద గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, బియ్యంలో అందులో పదో వంతు కూడా ఉండదు. అంటే సంగటి తిన్న పిల్లవాడి ఒంటికి ఫిర్యాదు చెయ్యడానికేమీ లేదు. చిన్నతనం గిన్నెలోంచి రాలేదు, పక్కవాడి గిన్నె చూశాక వచ్చింది. ఈ సంగతి ఆర్థికశాస్త్రానికి కొత్త కాదు. 1776లో అచ్చయిన పుస్తకంలో ఆడమ్ స్మిత్, నార చొక్కా బతకడానికి అవసరమైనదేమీ కాదనీ, గ్రీకులూ రోమన్లూ అది లేకుండానే హాయిగా బతికారనీ, తన కాలపు యూరపులో మాత్రం అది లేకపోతే రోజుకూలీ కూడా నలుగురిలోకి రావడానికి సిగ్గుపడతాడనీ రాశాడు. తర్వాత రెండు వందల ఏళ్లకు అమర్త్య సేన్ పేదరికాన్ని వివరిస్తూ మళ్లీ ఇదే ఉదాహరణ ఎత్తుకున్నాడు. వస్తువు ఎంతుండాలన్నది ఊరిని బట్టి, కాలాన్ని బట్టి మారుతుంది గానీ, సిగ్గుపడకుండా నలుగురిలో తిరగగలగడం మాత్రం ఎక్కడైనా ఎప్పుడైనా మనిషికి అవసరమేనని ఆయన వాదన.

పిల్లల విషయంలో ఇది ఎంత నిజమో చూడటానికి మన దగ్గరే మంచి ఆధారముంది. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో ‘యంగ్ లైవ్స్’ అనే పరిశోధన 2002లో ఇతియోపియా, పెరూ, వియత్నాంలతోపాటు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైంది. శ్రీకాకుళం, పశ్చిమ గోదావరి, అనంతపురం, కడప, కరీంనగర్, మహబూబ్‌నగర్, హైదరాబాదు జిల్లాల నుంచి సుమారు మూడు వేలమంది పిల్లల్ని ఎంచుకుని, కొన్నేళ్లకోసారి వెళ్లి పలకరిస్తూ వచ్చారు. చిత్తూరు ఆ జాబితాలో లేదు గానీ, అనంతపురం, కడప పల్లెల కరువూ సెనక్కాయ పంటా ఈ ప్రాంతానికి కొత్తవేమీ కావు. ఈ పరిశోధకులు ఎత్తు, బరువు, ఇంటి ఆదాయం అడిగి ఊరుకోలేదు. నీ బట్టలు చూస్తే నీకు సిగ్గనిపిస్తుందా, బడికి కావలసిన పుస్తకాలూ పెన్సిళ్లూ లేక ఇబ్బంది పడ్డావా, స్నేహితుల్ని ఇంటికి తీసుకెళ్లి చూపించడం నీకు గర్వంగా ఉంటుందా, నువ్వు చేసే పని గురించి నీకేమనిపిస్తుంది అని పిల్లల్నే అడిగారు. ఈ జవాబుల్ని ఇంటి స్థితిగతులతో పోల్చి చూసిన స్టీఫన్ డెర్కన్, ప్రమీలా కృష్ణన్ 2009లో తేల్చినదేమిటంటే, లేమి ఉన్న ఇళ్ల పిల్లల్లో పన్నెండేళ్ల వయసుకే ఆత్మగౌరవమూ, ‘నేను ప్రయత్నిస్తే ఏదైనా మారుతుంది’ అన్న నమ్మకమూ తక్కువగా ఉన్నాయని. ఈ రెండో గుణాన్ని ‘చేతనవుతుందన్న నమ్మకం’ అందాం. ఇది ముప్పై ఏళ్ల తర్వాత తీరిగ్గా గుర్తు చేసుకుని చెప్పినది కాదు, ఆ వయసులో ఆ పిల్లలే చెప్పినది.

ఇక్కడ ఎవరైనా అడ్డు తగలొచ్చు. “మేం పేదవాళ్లమని మాకు తెలియనే తెలియదు, ఊరంతా అలాగే ఉండేది” అని చాలామంది పెద్దలు అంటారు. అది అబద్ధం కాదు, పైగా నేను చెబుతున్నదానికి బలం కూడా. అందరూ సంగటే తినే ఊళ్లో సంగటికి సిగ్గు ఉండదు. పిల్లలు ఏడెనిమిదేళ్లు వచ్చేదాకా తమను తాము ఇతరులతో పోల్చుకుని విలువ కట్టుకోవడం తక్కువ కూడా. కాకపోతే “ఊరంతా” అన్న మాట దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. ఏ పల్లెలోనైనా ఊరు వేరు, దళితవాడ వేరు. ఎవరి గడప దాటొచ్చు, ఎవరి బావిలో చేద వెయ్యొచ్చు అన్న తేడా వాడల పిల్లలకు నడక వచ్చినప్పటినుంచే తెలుసు. “మాకు తెలియదు” అన్న హాయి ఆ ఊళ్లో అందరికీ సమానంగా అందినది కాదు.

ఆ తేడా పిల్లల బుర్ర మీద ఎలా పనిచేస్తుందో కార్లా హాఫ్, ప్రియాంకా పాండే ఉత్తరప్రదేశ్ పల్లెల్లో ఆరు, ఏడు తరగతుల మగపిల్లలతో పరీక్షించి 2006లో ప్రచురించారు. కాగితం మీద చిక్కుదారులిచ్చి, బయటపడే దారి గీయమన్నారు. ఎన్ని పూర్తి చేస్తే అంత డబ్బు. ఎవరు ఏ కులమో చెప్పకుండా ఆడించినప్పుడు పై కులాల పిల్లలకూ కింది కులాల పిల్లలకూ తేడా రాలేదు. అందరి ముందూ పేరుతోపాటు కులం చదివి ఆడించినప్పుడు కింది కులాల పిల్లల స్కోరు పడిపోయింది. తెలివి మారలేదు, ఆట మారలేదు. మారిందల్లా నలుగురి ముందూ ఒక గుర్తు బయటపడటం.

అయితే గుర్తు బయటపడకుండా చదువు చెప్పడం సాధ్యమా? మదనపల్లె దగ్గర రిషి వ్యాలీలో దీనికో జవాబు దొరుకుతుంది. అక్కడి బోర్డింగు బడి ఫీజులు పల్లె రైతు తాహతుకు మించినవే. నేను చెప్పేది దాని గ్రామీణ విద్యా కేంద్రం చుట్టుపక్కల పల్లెల్లో నడిపే చిన్న బడుల గురించి. అక్కడ వేరువేరు వయసుల పిల్లలు ఒకే గదిలో కూర్చుంటారు. పాఠాల్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి, నిచ్చెన మెట్లలా వరస పెట్టారు. ఎవరి మెట్టు దగ్గరినుంచి వాళ్లు కార్డు తీసుకుని మొదలుపెడతారు. పశువుల వెంట వెళ్లి నాలుగు రోజులు బడి మానిన పిల్లవాడు తిరిగి వచ్చి తన మెట్టు దగ్గరే కూర్చుంటాడు. పాఠం పోయిందని లేచి నిలబడాల్సిన పని లేదు. పేదరికం ఈ బడివల్ల తగ్గదు, అది రోజూ నలుగురి ముందూ హాజరు పలకడం తగ్గుతుంది. చెన్నై కార్పొరేషన్ బడులు 2003లో ఈ పద్ధతిని తీసుకున్నాయి.

సంక్షేమ పథకాల్లోనూ ఇదే సూత్రం కనిపిస్తుంది. తెల్ల రేషను కార్డు కాగితం మీద పేదరికానికి గుర్తే. కానీ ఆంధ్రప్రదేశ్‌లో ఇవి కోటి నలభై లక్షలకు పైగా ఉన్నాయి. అందుకే దాన్ని చూపించడానికి ఎవరూ తలదించుకోరు. అనర్హులకు కార్డులిచ్చారని కొందరు విసుక్కుంటారు, ఖజానా లెక్కలో అది న్యాయమైన విసుగే. కొద్దిమందికే ఇచ్చే సాయం ఆ కొద్దిమందిని వేలెత్తి చూపిస్తుందన్నది ఆ లెక్కలోకి రాని ఖర్చు.

టమాటా ధర, పిల్లవాడి ఓపిక

మదనపల్లె మార్కెట్లో 2023 జూలై చివర కిలో టమాటా రెండు వందల రూపాయల దరిదాపుల్లోకి వెళ్లింది. సెప్టెంబరుకల్లా పది రూపాయల లోపుకు పడిపోయి, కోత కూలి కూడా గిట్టని రైతులు కాయల్ని పారబోశారు. మొక్క నాటినవాడికి నారు ఖర్చు తెలుసు, కర్రలూ తాళ్లూ మందుల ఖర్చు తెలుసు, బాక్సు మండీకి చేరేటప్పటికి ధర ఎంతుంటుందో మాత్రం తెలియదు. ఏడాది మొత్తానికి చూస్తే ఆ ఇంటి సగటు ఆదాయం పర్వాలేదనిపించొచ్చు. కానీ పిల్లలు పెరిగేది సగటులో కాదు. కాయ అమ్మాక సైకిలు కొంటామన్న మాట ఒక ఏడాది నిజమవుతుంది, మరుసటి ఏడాది అదే మాట అప్పులవాడి కేకల్లో కలిసిపోతుంది.

ఇది పిల్లల మనసుకు ఏం నేర్పుతుంది? 1960ల చివర్లో వాల్టర్ మిషెల్ అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో చేసిన ప్రయోగం మీకు తెలిసే ఉంటుంది. నాలుగైదేళ్ల పిల్లల ముందు ఒక మిఠాయి పెట్టి, కాసేపు తినకుండా ఆగితే రెండోది ఇస్తామన్నారు. ఆగిన పిల్లలు పెద్దయ్యాక చదువులో మెరుగ్గా ఉన్నారని తర్వాతి లెక్కలు చెప్పాయి. అక్కడినుంచి పేదలకు ఓపిక లేదనీ, అందుకే పేదలుగా ఉండిపోతారనీ అనడం చాలామందికి తేలికయిపోయింది. 2013లో సెలెస్ట్ కిడ్ బృందం ఇందులో ఒక చిన్న మెలిక పెట్టింది. మిఠాయి ఇవ్వకముందే పిల్లలకు మంచి రంగు పెన్సిళ్లు తెస్తామని మాటిచ్చారు. సగంమందికి తెచ్చిచ్చారు, సగంమందికి అయిపోయాయని చెప్పి చేతులెత్తేశారు. ఆ తర్వాత మిఠాయి ఆట. మాట నిలబెట్టుకున్న పెద్దవాళ్లను చూసిన పిల్లలు సగటున పన్నెండు నిమిషాలు ఆగారు. మాట తప్పినవాళ్లను చూసిన పిల్లలు మూడు నిమిషాలు. పిల్లలు 28 మందే కాబట్టి దీని మీద మరీ పెద్ద భవనం కట్టకూడదు. 2018లో టైలర్ వాట్స్ బృందం సుమారు తొమ్మిది వందలమంది పిల్లల సమాచారం తిరగేసి, ఇంటి పరిస్థితుల్ని లెక్కలోకి తీసుకుంటే ఆగడానికీ తర్వాతి చదువుకూ ఉన్న సంబంధం చాలావరకు కరిగిపోతుందని చూపించింది. రెండూ కలిపి చదివితే, రేపటిని నమ్మలేనిచోట ఇవాళే తినేయడం తెలివితక్కువ కాదు, అనుభవం నేర్పిన లెక్క.

పెద్దవాళ్ల మీదా ఈ ఒత్తిడి పనిచేస్తుంది. తమిళనాడులోని తిరువణ్ణామలై, విల్లుపురం జిల్లాల్లో 464 మంది చెరకు రైతుల్ని కోతకు ముందొకసారి, కోత డబ్బు చేతికి వచ్చాక ఇంకోసారి పరీక్షించిన అధ్యయనం 2013లో వెలువడింది. కోతకు ముందు ఏదో ఒకటి తాకట్టులో ఉన్నవాళ్లు నూటికి 78 మంది, కోత తర్వాత నలుగురు. బొమ్మల్లో వరసను కనిపెట్టే పరీక్షలో అదే రైతు కోత తర్వాత మెరుగ్గా చేశాడు. ఏడాది పొడవునా చెరకు చేలూ బెల్లం గానుగలూ చూసేవాళ్లకు ఇందులో ఆశ్చర్యమేమీ ఉండదు. శాస్త్రంలో మాత్రం దీని మీద తగాదా నడుస్తోంది. అమెరికాలో తక్కువ ఆదాయం ఉన్నవాళ్లను జీతానికి ముందూ తర్వాతా పరీక్షించి 2016లో ప్రచురించిన అధ్యయనంలో అలాంటి తేడా కనిపించలేదు. నా అంచనాలో ఈ రెండూ కొట్లాడుకోవు. జీతం ఏ తేదీన ఎంత వస్తుందో ముందే తెలుసు, చెరకు డబ్బు ఏడాదికోసారి వస్తుంది, అదీ ఎప్పుడు చేతికందుతుందో ముందే తెలియదు. బుర్రను తినేది చేతిలో లేకపోవడం ఒక్కటే కాదు, ఎప్పుడు వస్తుందో తెలియకపోవడం. ఇది ఇంకా రుజువు కావలసిన మాటేనని ఒప్పుకుంటాను.

భరోసా ఎంత చిన్నదైనా పనిచేస్తుందనడానికి రుజువుంది. 2003లో మన బడుల్లో వండి పెట్టే మధ్యాహ్న భోజనం మొదలైంది. అంతకు ముందూ వెనకా వరస కరువులు. యంగ్ లైవ్స్ పిల్లల ఎత్తూ బరువూ లెక్కలు తీసుకుని అభిజీత్ సింగ్, ఆల్బర్ట్ పార్క్, స్టీఫన్ డెర్కన్ చూసినప్పుడు, కరువు దెబ్బ తగిలిన ఇళ్ల పిల్లల్లో పడిపోయిన ఎదుగుదలను ఆ భోజనం చాలావరకు పూడ్చిందని తేలింది. వానను బట్టి, ధరను బట్టి మారనిది ఆ పిల్లల రోజులో ఆ ఒక్క పూటే.

నీళ్లు పడిన బోర్లు

పోనీ, కష్టాల్లో పెరిగి పైకొచ్చినవాళ్లు కళ్లముందే ఉన్నారు కదా, వాళ్ల మాటకు విలువ లేదా? ఇక్కడ ఈ ప్రాంతం వాళ్లకు బాగా తెలిసిన విషయంతో పోల్చి చూడాలి. ఒక ఊళ్లో చేల మీదుగా నడిచి వెళ్తే కనిపించేవి నీళ్లు పోస్తున్న బోర్లే. మోటారు చప్పుడు, పచ్చటి కయ్య, పక్కనే పశువుల పాక. వాటి యజమానుల్ని అడిగితే పాయింటు ఎవరు పెట్టారు, కొబ్బరికాయ ఎక్కడ నిలబడింది, వెయ్యి అడుగుల దాకా ధైర్యంగా ఎలా వేయించాం అని చెబుతారు. నీళ్లు పడని బోర్లు కనిపించవు. కేసింగు పీకేసి, గుంతకు బండ అడ్డం పెట్టి, కొన్నాళ్లకు మట్టి పూడిపోతాయి. వాటి దగ్గర కూడా పాయింటు పెట్టారు, కొబ్బరికాయ నిలబడింది, ధైర్యమూ ఉంది. పడిన బోర్ల యజమానుల్ని మాత్రమే అడిగి ‘ధైర్యంగా లోతుకు వేస్తే నీళ్లు పడతాయి’ అని తేల్చినవాడు పొరుగువాణ్ణి అప్పుల్లో ముంచుతాడు. పేద బాల్యం గురించి మనం వినే కథలు దాదాపు అన్నీ నీళ్లు పడిన బోర్లవే. వేదిక మీద మైకు దొరికేది వాళ్లకే. ఆరో తరగతిలో బడి మానేసి హోటల్లో గ్లాసులు కడగడానికి బెంగళూరు వెళ్లినవాణ్ణి ఏ వార్షికోత్సవానికీ ముఖ్య అతిథిగా పిలవరు. ఒకే ఇంట్లో కూడా ఇదే జరుగుతుంది. ఇంజనీరైన తమ్ముడు తన కష్టం గురించి చెబుతాడు. అతని ఫీజు కోసం చదువు మానేసి పట్టుపురుగుల షెడ్డులో మల్బరీ ఆకు వేసిన అక్కనూ అదే కష్టం పెంచింది, ఆమెను ఎవరూ అడగరు.

అందరినీ అడిగితే ఏమవుతుందో హవాయి దీవుల్లోని కవాయీలో తేలింది. ఎమ్మీ వెర్నర్ బృందం 1955లో అక్కడ పుట్టిన 698 మంది పిల్లల్ని, ఎవర్నీ ఏరకుండా, దశాబ్దాలపాటు గమనించింది. పేదరికంతోపాటు ఇంట్లో గొడవలు, తల్లిదండ్రుల జబ్బులు లాంటివి నాలుగైనా మీద పడినవాళ్లలో మూడోవంతు మంది చక్కటి మనుషులుగా ఎదిగారు. ఈ ఫలితాన్ని ఎక్కడ చెప్పినా ఆ మూడోవంతు గురించే చెబుతారు. మిగతా రెండు వంతుల మంది పద్దెనిమిదేళ్లు రాకముందే చదువులోనో, ప్రవర్తనలోనో, మనసులోనో దెబ్బతిన్నారు. తర్వాత వాళ్లలోనూ చాలామంది కోలుకున్నారు, కష్టం రాటుదేల్చడం వల్ల కాదు, రెండో అవకాశం దొరకడం వల్ల. పెద్దయ్యాక చేరగలిగిన కాలేజీ, సైన్యంలో ఉద్యోగం, తోడు నిలిచిన జీవిత భాగస్వామి. మొదటి మూడోవంతు వెనకాల కూడా తల్లో, అమ్మమ్మో, టీచరో, వదలకుండా పట్టుకున్న పెద్దవాళ్లు ఒకరైనా ఉన్నారు.

కష్టం ఏ వయసులో తగిలిందన్నదీ ముఖ్యమే. 1930ల ఆర్థిక మాంద్యంలో పెరిగిన అమెరికా పిల్లల్ని గ్లెన్ ఎల్డర్ పరిశీలించి 1974లో పుస్తకంగా తెచ్చాడు. ఓక్లండ్‌లో 1920, 21 ప్రాంతంలో పుట్టినవాళ్లు మాంద్యం ముదిరేనాటికి పదేళ్లు దాటినవాళ్లు. చిన్నాచితకా పనులు చేసి ఇంటికి ఆసరా అయ్యారు, బాధ్యత తెలిసింది, తర్వాత చాలామంది నిలదొక్కుకున్నారు. ‘కష్టం రాటుదేలుస్తుంది’ అనేవాళ్లకు ఇది మంచి సాక్ష్యమే. అయితే తర్వాత అతనే, 1928, 29ల్లో పుట్టి పసితనంలోనే మాంద్యాన్ని చూసిన బర్క్‌లీ మగపిల్లల్ని పరిశీలిస్తే దెబ్బ గట్టిగా కనిపించింది. ఉద్యోగం పోయిన తండ్రి చిరాకు నేరుగా వాళ్ల మీదికే దిగింది, చేయగలిగిన పనీ లేదు, పారిపోయే దారీ లేదు. ఓక్లండ్ పిల్లలు నిలబడటంలోనూ యుద్ధం తర్వాత సైనికుల చదువుకు ప్రభుత్వం పెట్టిన ఖర్చుకు పెద్ద పాత్ర ఉంది.

మరి స్వయంగా అనుభవించిన మనిషి జ్ఞాపకం? దానికీ హద్దులున్నాయి. డేనియల్ ఆఫర్ అనే వైద్యుడు 1962లో షికాగో ప్రాంతంలో పద్నాలుగేళ్ల కుర్రాళ్లను ఇంటి గురించి, తల్లిదండ్రుల గురించి, మనసులో ఉన్నదాని గురించి అడిగి రాసి పెట్టాడు. నలభై ఎనిమిదేళ్ల వయసులో వాళ్లలో సుమారు డెబ్భైమందిని పట్టుకుని, మీ పద్నాలుగో ఏట మీరేం చెప్పి ఉంటారో చెప్పమన్నాడు. అప్పటి జవాబుకూ ఇప్పటి జ్ఞాపకానికీ పొంతన కళ్లు మూసుకుని ఊహించినదానికి మించి లేదు. వాళ్లు పేద పిల్లలు కారు, మామూలు ఇళ్లవాళ్లే, కాబట్టి దీన్ని యథాతథంగా మన చర్చకు తగిలించలేం. అయినా మనసు గతాన్ని భద్రపరచదనీ, ఇవాళ్టి అవసరానికి తగ్గట్టు మళ్లీ అల్లుకుంటుందనీ చెప్పడానికి ఇది చాలు. ‘చీకటి తర్వాత వెలుగు’ వరసలో తన కథ చెప్పుకోవడం మనిషికి ఊరట. ఆ ఊరట అబద్ధం కాదు, దాన్ని కొలతబద్దగా వాడటమే తప్పు.

పైకి వచ్చినవాళ్లు ఎందుకు కఠినంగా ఉంటారు?

ఆ కష్టం పడినవాళ్లకే పేదల బాధ ఎక్కువ తెలుస్తుందని మనం అనుకుంటాం. ఓట్లు అడిగేవాళ్లు కూడా ఈ నమ్మకం మీదే తమ బాల్యం చెప్పుకుంటారు. హ్యున్‌జిన్ కూ, పాల్ పిఫ్, అజీమ్ షరీఫ్ 2022లో ప్రచురించిన అమెరికా అధ్యయనాల్లో జనం కూడా అలాగే ఊహించారు, పుట్టుధనవంతుల కన్నా కిందినుంచి వచ్చిన ధనవంతులే పేదల మీద దయగా ఉంటారని. ఫలితం తిరగబడింది. కిందినుంచి వచ్చినవాళ్లకు పేదల ఇబ్బంది పట్ల సానుభూతి తక్కువ. కారణం దుర్మార్గం కాదు, పైకి రావడం అంత కష్టమేం కాదన్న లెక్క. తాము రాగలిగారు కాబట్టి.

దీని వెనకున్న మానసిక ప్రక్రియను రేచెల్ రట్టన్ బృందం 2015లో కాస్త విచిత్రంగా పరీక్షించింది. షికాగోలో గడ్డకట్టే చలిలో మిషిగన్ సరస్సులోకి దూకే వేడుక ఒకటి ఉంటుంది. దూకలేక వెనక్కి తగ్గినవాడి కథ ఒకటి చెప్పి, అతని మీద జాలి ఎంత కలుగుతుందని అడిగారు. ఇంకా దూకనివాళ్ల కన్నా, దూకి బయటికి వచ్చినవాళ్లు తక్కువ జాలి చూపారు. నిరుద్యోగం విషయంలోనూ ఇదే ధోరణి. దాటేసిన కష్టం ఎంత కష్టమో మరిచిపోతాం, దాటామన్న సంగతి మాత్రం గుర్తుంటుంది. ఆ రెండూ కలిస్తే ఇంకా దాటనివాడు సోమరిలా కనిపిస్తాడు. హాస్టల్లో నీళ్ల చారు తాగి చదివిన ఆఫీసరు ఇవాళ్టి హాస్టలు పిల్లలు కూర బాగాలేదని ధర్నా చేస్తే చిరాకుపడటంలోని రహస్యం ఇదే.

దీనికి ఒక గట్టి అభ్యంతరం ఉంది. ఇలా ప్రతిదాన్నీ అవకాశానికీ అదృష్టానికీ అప్పగిస్తే, రాత్రింబవళ్లు కష్టపడిన మనిషి శ్రమకు విలువేం మిగిలింది? పిల్లలు కూడా ‘మన చేతిలో ఏమీ లేదు’ అని చేతులు ముడుచుకోరా? రెండో భయం నిజమైనదే. చేతనవుతుందన్న నమ్మకం పేదింటి పిల్లల్లో అసలే తక్కువగా ఉందని యంగ్ లైవ్స్ లెక్కల్లోనే చూశాం, దాన్ని ఇంకా తగ్గించే మాట ఎవరూ చెప్పకూడదు. మొదటిదానికి జవాబు తేలిక. పైకొచ్చినవాడు కష్టపడలేదని ఎవరూ అనడం లేదు, పైకి రానివాడు కూడా కష్టపడ్డాడు అని మాత్రమే అంటున్నాం. సెనక్కాయ చేలో వంగి కలుపు తీసిన నడుముకు శ్రమ గురించి ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు.

అలాగని పైకొచ్చినవాళ్లు తమ కథలు దాచుకోవాలనీ కాదు. ఎలా చెప్పాలన్నదే ప్రశ్న. 2010లో ఇతియోపియా పల్లెల్లో ఒక ప్రయోగం చేశారు. అదే ప్రాంతంలో, అలాంటి ఇళ్లలోనే పుట్టి, వ్యవసాయంలోనో చిన్న వ్యాపారంలోనో నిలదొక్కుకున్న మామూలు మనుషుల మీద పదిహేను నిమిషాల చొప్పున నాలుగు చిన్న సినిమాలు తీసి చూపించారు. చూసినవాళ్లు ఆరు నెలల తర్వాత కాస్త ఎక్కువ పొదుపు చేశారు, పిల్లల చదువు మీద కాస్త ఎక్కువ ఖర్చు పెట్టారు. తేడా పెద్దది కాదు, కానీ ఉంది. ఆ సినిమాల్లో ఉన్నది ‘నేను కష్టపడ్డాను’ అన్న ఒక్క ముక్క కాదు. ఏం చేశారు, ఎవరి సలహా తీసుకున్నారు, ఏ తప్పు తర్వాత ఎలా సర్దుకున్నారు అన్న దారి వివరాలు. గంగవరంలో పుట్టి బెంగళూరులో స్థిరపడినవాడు సెలవులకు వచ్చి బడి పిల్లలతో మాట్లాడేటప్పుడు వాళ్లకు పనికొచ్చేదీ అలాంటి వివరమే. గురుకులం దరఖాస్తు ఎవరు తెచ్చి నింపారు, హాస్టల్లో సీటు ఏ తరగతిలో దొరికింది, ఫీజు రీయింబర్స్‌మెంటు రావడం ఆలస్యమైన ఏడాది కాలేజీకి ఎవరు కట్టారు, మొదటి ఉద్యోగానికి ముందు బెంగళూరులో ఆరు నెలలు ఎవరింట్లో పడుకున్నాడు. వినే పిల్లలు చెప్పుల్లేని నడకను అనుకరించాల్సిన పని లేదు. ఆ దరఖాస్తు ఏ నెలలో వస్తుందో, ఎక్కడ ఇవ్వాలో తెలిస్తే వాళ్లలో ఒకరిద్దరు ఈసారి గడువు లోపల ఇస్తారు.